ఒకేలాంటి పాఠాలు: ఒకే పూట చదవడం మేలా, గ్యాప్ ఇవ్వడం మేలా?

మాది గద్వాల వైపు. గ్రూప్స్‌కు చదివేటప్పుడు నల్లగొండ దగ్గరి పానగల్లు గుళ్లు రెండూ ఒకే పూట చదివేశాను. ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం. వారం తర్వాత మోడల్ టెస్టులో నీడ పడే గుడి ఏదని అడిగితే పచ్చలదని టిక్ పెట్టి వచ్చాను. చదవక కాదు, రెండూ చదివినందుకే!

మరుపు అంటే పలక మీది అక్షరం చెరిగినట్టు అనుకుంటాం. అదీ కొంత నిజమే. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టి, మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ పోతుందని తన మీదే లెక్క తీశాడు. కానీ 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకోటి చూపించారు. అలాంటి ముక్కలే నేర్చుకుని నిద్రపోతే, అంతసేపూ మెలకువగా తిరిగినప్పటికన్నా బాగా గుర్తున్నాయి. గంటలు అవే. మెలకువలో మాత్రం బుర్రలోకి కొత్తవి వచ్చి పడుతూనే ఉంటాయి.

అంటే ఒకటి గుర్తు రాకుండా ఇంకొకటి అడ్డం పడుతుందన్నమాట. ఆ అడ్డం రెండు వైపుల నుంచీ వస్తుంది. కొత్తది పాతదాన్ని కమ్మేయడం ఒకటి. పాతది కొత్తదాన్ని రానివ్వకపోవడం ఇంకొకటి: 2016లో జిల్లాలు విడిపోయి ఇన్నేళ్లయినా, మీది ఏ జిల్లా అంటే మా నాన్న నోట పాత జిల్లా పాలమూరే వస్తుంది.

ఒకే పూట చదవడంలో సుఖముంది. సిలబస్ తొందరగా అయిపోతుంది, టెన్షన్ తగ్గుతుంది, ఆ సాయంత్రానికి అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. ఆ 'వచ్చేసినట్టే'ను నేను నమ్మను. మొదటిసారి చదివేటప్పుడు నా ఓటు గ్యాప్‌కే. ఇవాళ ఒక గుడి, మధ్యలో లెక్కలో సైన్సో, రెండో గుడి ఎల్లుండి.

అయితే గ్యాప్ ఒక్కటే చాలదు. రెండూ విడివిడిగా వచ్చాక పక్కపక్కన పెట్టాల్సిందే. అప్పుడు పోలికలు వదిలేసి తేడా మాత్రమే రాయాలి. మా వైపు ఎత్తిపోతలు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్. అన్నీ కృష్ణ నీళ్లే కాబట్టి కలగాపులగం అయ్యేవి. కల్వకుర్తికి శ్రీశైలం నుంచి, మిగతా మూడింటికి జూరాల నుంచి అని పుస్తకం మూసి ఒక్క ముక్క రాసుకున్నాక మళ్లీ పొరబడలేదు.

ఇలా కలిసిపోయే పాఠాలను నేను రాత్రి చదివి నేరుగా మంచమెక్కుతాను. మా అమ్మ మాత్రం కోడి కూసే వేళ చదివిందే చదువంటుంది. ఆ వాదన ఇంట్లో ఇంకా తేలలేదు.