రామప్ప చుట్టూ డబ్బాల వేట, రాత్రికి గది పేరిట దోపిడీ

దసరా సెలవుల్లో ములుగు వైపు వెళ్లొచ్చాం. పిల్లలిద్దరూ, మా ఆయన, అత్తమ్మ, నేను. రూపాయి ఖర్చు లేని ఆట రోజంతా మమ్మల్ని సంతోషపెట్టింది, 3,620 రూపాయలు పోసిన గది రాత్రంతా ఏడిపించింది. పిల్లలతో అటు వెళ్లేవాళ్లకు రెండూ తెలియాలని రాస్తున్నాను.

ఆట పేరు జియోకాచింగ్. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి ఆ చోటు అక్షాంశం, రేఖాంశం ఇస్తారు, మిగతావాళ్లు ఫోన్‌లో జీపీఎస్ పట్టుకుని వెతుకుతారు. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే మళ్లీ పెట్టేయాలి. లోపలి బొమ్మ ఏదైనా తీసుకుంటే దానికి తగ్గది ఇంకోటి పెట్టాలి. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు సరిగ్గా తెలియకుండా కావాలని పెట్టిన తేడాను తీసేసింది, ఆ వెంటనే ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్ దాచి ఆ చోటు అక్షాంశం, రేఖాంశం నెట్‌లో పెట్టాడు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మా ఇంట్లోకి మాత్రం మా మరిది తెచ్చాడు. ముందు రోజే బైక్ మీద పోయి, అడగాల్సిన వాళ్లను అడిగి, రెండు స్టీలు టిఫిన్ డబ్బాలు పెట్టి, నంబర్లు మాకు వాట్సాప్ చేశాడు.

హనుమకొండ నుంచి పొద్దున్నే బయల్దేరాం. బతుకమ్మ రోజుల్లో ఇల్లు వదిలి తిరగడమేంటని అత్తమ్మ ములుగు దాకా మాట్లాడలేదు. రోడ్డు బాగుంది, జంగాలపల్లి క్రాస్ దగ్గర పాలంపేట వైపు తిరిగాం.

రామప్ప గుడిలో డబ్బా దాచకూడదు. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే గుడి, పైగా 2021 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, అలాంటి చోట రాళ్ల సందుల్లో ఏమీ దూర్చకూడదు. అందుకని మా మరిది అక్కడ ప్రశ్నలు పెట్టాడు. జవాబులు కలిపితే మొదటి డబ్బా ఉన్న చోటు నంబర్లు పూర్తవుతాయి. గుడి కట్టిన సంవత్సరంలోని అంకెలన్నీ కూడమన్నాడు: 1213, కూడితే 7. రెండోది, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక ఏ వైపు ఉందో కనిపెట్టాలి. ఫోన్‌లోంచి తల ఎత్తని మా పెద్దోడు చూరు కింద వంగిన ఆ నల్లరాతి బొమ్మలను ఒక్కొక్కటే మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. చెప్పుల బొమ్మ దొరికాక ఆ మడమ, కాలికి పట్టిన పట్టీ చెల్లికి వేలితో చూపిస్తుంటే పక్కనున్న వేరే కుటుంబాలు కూడా ఆగి చూశాయి. అంతకు ముందు వచ్చినప్పుడు ఇదే గుడిని ఇదే పిల్లలు పావుగంటలో చుట్టేసి ఐస్‌క్రీం అడిగారు.

ఆ మొదటి డబ్బా ఊరి అవతల ఒక చెలక గట్టు మీద. ఫోన్ చూపించే చోటు అయిదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ అవుతుంది, కాబట్టి దగ్గరికి వచ్చాక ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకాలి. అక్షాంశంలో నాలుగో దశాంశం దగ్గర ఒక్క అంకె తేడా వస్తే 11 మీటర్లు పక్కకు పోతాం, అది పెద్దోడికి నేలమీద అడుగులు వేసి చూపించా. ఆ గట్టు నిండా తంగేడు విరగబూసి ఉంది, బతుకమ్మకు పూలు కోస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, "ఏం పోగొట్టుకున్నరు బిడ్డా, గొలుసా?" అని ఒకామె అడిగింది. ఆట సంగతి అత్తమ్మే చెప్పింది, అంతదాకా మాకే సరిగా అర్థమైందో లేదో అన్నట్టు కూర్చున్న మనిషి. ఇంక ఆ ఆడవాళ్లు కూడా కొడవళ్లు పక్కన పెట్టి వెతికారు. డబ్బా రెండు రాళ్ల మధ్య, పైన ఎండాకు కప్పి ఉంది. చిన్నది అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. పుస్తకంలో పిల్లల పేర్ల కింద ఆ ఆడవాళ్లు కూడా పేర్లు రాయించుకున్నారు, వెళ్లేటప్పుడు అత్తమ్మ కొంగు నిండా తంగేడు, గునుగు పోశారు. మధ్యాహ్నం రోడ్డు పక్కన వేడివేడి మక్క గారెలు, పచ్చిమిర్చి తొక్కు, ప్లేటు 40 రూపాయలు. లోపల మెత్తగా, అంచులు కరకరలాడుతూ, ఉల్లి జీలకర్ర నలిగిన వాసన. అయిదుగురం తిని 280 ఇచ్చాం, ఇంకా తినాలనిపించింది.

ఇక గది. టూరిజం వాళ్ల గదులు అప్పటికే నిండిపోతే, చెరువు కనిపించే ఫ్యామిలీ రూం అని ఫొటో చూసి ఒక ప్రైవేటు కాటేజీకి ఫోన్ చేశాం. 2,800 అన్నారు, సగం ఫోన్‌పే చేయమన్నారు, చేశాం. చీకటి పడ్డాక వెళ్తే, ఆ రూం వేరేవాళ్లకు ఇచ్చేశాం అని వెనకాల జనరేటర్ పక్క గదికి తాళం తీశాడు. కిటికీ తీస్తే గోడ. దిండ్లకు నూనె మరకలు. మా ఆయన గొడవ మామూలుగా పడరు, ఆ రోజు పడ్డారు, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమంటే రూల్ లేదన్నాడు. చిన్నది నిద్రకు తూలుతోంది, ఇంకెక్కడికి పోతాం? ఎక్స్‌ట్రా పరుపుకు 500. గీజర్ పని చేయదు, వేడినీళ్లు బకెట్‌కు 30, నాలుగు బకెట్లకు 120. పొద్దున వెళ్లిపోతుంటే మెయింటెనెన్స్ అని ఇంకో 200. బిల్లు అడిగితే బిల్ బుక్ అయిపోయిందని తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. ఇలాంటి చోట డబ్బులు కొట్టే ముందు వీడియో కాల్‌లో గది నంబరు, కిటికీ, గీజర్ చూపించమనండి. చూపించను అంటే అక్కడితో వదిలేయండి.

మరుసటి రోజు లక్నవరం, ఉయ్యాల వంతెన, జనం, అంతే. అక్కడ కోతులు ఎక్కువ కాబట్టి మా మరిది రెండో డబ్బా ఇంటి దారిలో పెట్టాడు, సులువుగానే దొరికింది.

మీరూ ఆడించాలనుకుంటే డబ్బాలో తినేవి వద్దు, వాసనకు కోతులు, చీమలు వస్తాయి. భూమి తవ్వి పాతిపెట్టడం ఈ ఆటలోనే నిషేధం. పొలమైతే రైతును అడగాలి. ఎవరికీ అనుమానం రాకుండా మూత మీద ఆట డబ్బా అని తెలుగులో రాసి పెట్టండి. బూట్లు వేయండి, పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి, ఈ మాట పిల్లలకు ఎన్నిసార్లయినా చెప్పాలి. ఫోన్ నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది, మ్యాప్ మాత్రం రాదు, కాబట్టి ఇంట్లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. ఒక ఖాళీ సంచి వెంట ఉంటే దారిలో ప్లాస్టిక్ సీసాలు ఏరుకుని రావచ్చు, ఈ ఆట ఆడేవాళ్లు ఎక్కడైనా చేసే పని అది. మా వాళ్లు ఒక సంచి నింపారు.

ఈసారి పాండవుల గుట్టలు అని పెద్దోడు పట్టు పట్టాడు. పాత రాతి చిత్రాలున్న చోటు కాబట్టి డబ్బాలు కాదు, ప్రశ్నలే పెట్టమని మరిదికి చెప్పాను. పరకాల మీదుగా పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం, గది తీసుకునేది లేదు.