మాన్‌ఫ్రెడ్ ముందా, ఫ్రాంకెన్‌స్టైన్ ముందా?

రొమాంటిక్ యుగపు (భావావేశానికి పెద్దపీట వేసిన సాహిత్య కాలపు) ఒంటరి మేధావిని చూడాలంటే రెండూ సరైనవే. ఇంగ్లీషు కవి బైరన్ నాటక కావ్యం మాన్‌ఫ్రెడ్ 1817లో, మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్ 1818లో వచ్చాయి. కాపీరైట్ ఎప్పుడో తీరింది. ఇంగ్లీషులో రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే.

శ్రమ: మాన్‌ఫ్రెడ్ మూడంకాలే, కానీ పద్యం. ఫ్రాంకెన్‌స్టైన్ పెద్దది, అయినా కథ లాక్కెళ్తుంది.

తప్పు: ఆల్ప్స్ కొండల్లో మాన్‌ఫ్రెడ్ తను ప్రేమించి పోగొట్టుకున్న అస్టార్టే కోసం కుమిలిపోతాడు; చేసిందేమిటో పూర్తిగా చెప్పడు. ఫ్రాంకెన్‌స్టైన్ నాయకుడు విక్టర్ తప్పు మన కళ్లముందే జరుగుతుంది. తను తయారుచేసిన జీవికి ప్రాణం పోస్తాడు, భయపడి పారిపోతాడు. ఆ జీవికి బలైపోయింది అతని తమ్ముడు, స్నేహితుడు, భార్య. నాకైతే ఇదే బరువైన పుస్తకం.

రిస్క్: చివరిదాకా దయ్యాలకూ, మఠాధిపతికీ తలవంచని మాన్‌ఫ్రెడ్ పొగరు మనకు నచ్చేస్తుంది!

కవిత్వం అలవాటుండి, ఒక్క సాయంత్రమే దొరికితే మాన్‌ఫ్రెడ్. మేధావి పక్కన బతికేవాళ్ల గతేమిటని అడిగేవాళ్లకు ఫ్రాంకెన్‌స్టైన్.