తెలుగు సైట్లకి స్క్రీన్‌షాట్ సర్వీస్: ప్రీమియంలో దేనికి డబ్బు పెట్టాలి

వెబ్‌సైట్ అడ్రస్ ఇస్తే చాలు, దాని బొమ్మ తీసి మనకి కావాల్సిన సైజులో థంబ్‌నెయిల్ చేసి ఇచ్చే ఆటోమేటిక్ సర్వీసులు చాలానే ఉన్నాయి. అందులో ఒకదాన్ని మేం కొన్నాళ్లు ఫ్రీగా వాడి, తర్వాత చిన్న పెయిడ్ ప్లాన్, ఆ పైన పెద్ద ప్లాన్ కూడా తీసుకున్నాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పేది ఈ రంగంలో చాలా కంపెనీలకి వర్తిస్తుంది, లోపల ఎక్కువమంది నడిపేది సర్వర్ మీద తెర లేకుండా నడిచే క్రోమ్ బ్రౌజరే. ధరల పేజీ చూస్తే మాత్రం వరసగా టిక్కులే టిక్కులు, ఏది అవసరమో ఏది కాదో అర్థం కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెటీనా (రెట్టింపు స్పష్టత ఉన్న బొమ్మ), ఫుల్ పేజీ, పీడీఎఫ్ లాంటివి చూసి ప్లాన్ ఎంచుకోకండి. తెలుగు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా, ఫోటో తీసే ముందు ఎంతసేపు ఆగుతుంది, ఎంత తాజా బొమ్మ ఇస్తుంది, ఏ దేశం నుంచి తీస్తుంది, ఈ నాలుగూ చూడండి.

మా పని రావులపాలెంలో. కడియం, కడియపులంక నర్సరీలకి, ఆత్రేయపురం పూతరేకుల షాపులకి, నరసాపురం వైపు లేసు ఎగుమతి చేసేవాళ్లకి సైట్లు చేస్తాం, వాటన్నిటినీ ఒక డైరెక్టరీ పేజీలో థంబ్‌నెయిల్స్‌తో పెడతాం. కొనేవాళ్లు ఎక్కడో పుణెలోనో బెంగళూరులోనో ఉంటారు, బొమ్మ బాగుంటేనే నొక్కుతారు. అందుకే ఆ చిన్న బొమ్మ మాకు అంత ముఖ్యం.

ఫ్రీ ప్లాన్‌లో కొత్త సైట్ అడిగితే ముందు బూడిద రంగు ఖాళీ బొమ్మ వస్తుంది, క్యూలో మన వంతు వచ్చాక అసలుది వస్తుంది. మూలన వాళ్ల లోగో ఉంటుంది, సైజులు తక్కువ. వీటితో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది పాత బొమ్మతో. ఒకసారి తీసింది దాచిపెట్టుకుని వారాల తరబడి అదే ఇస్తూ ఉంటారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చాక ఒక షాపాయన ఆ విషయం చెబుతూ హోమ్ పేజీ పైన పెద్ద బ్యానర్ పెట్టించుకున్నారు, మా డైరెక్టరీలో మాత్రం ఎప్పుడో అయిపోయిన పండగ ఆఫరే కనిపిస్తోంది. "ఆ ఆఫర్ చూసి ఫోన్లు చేస్తున్నారండీ, ఆఫర్ లేదని చెబితే గొడవ పడుతున్నారు, ముందు అది తీయించండి" అని ఆయన ఫోన్. పెయిడ్ ప్లాన్‌లో దాచిన బొమ్మ వద్దు, ఇప్పుడే కొత్తది తీయమని అడగొచ్చు, ఎన్ని గంటలకో రోజులకో ఒకసారి దానంతట అదే మారేలా కూడా పెట్టుకోవచ్చు. చిన్న ప్లాన్‌కి కట్టిన డబ్బు ఈ ఒక్కదానితోనే గిట్టుబాటు అయింది. అయితే దాచిన బొమ్మ ఇచ్చినప్పుడు కూడా క్రెడిట్ (ప్లాన్‌లో మనకి ఇచ్చిన షాట్ల లెక్క) తగ్గిస్తున్నారా, ఫెయిలైన షాట్‌కి కూడా లెక్క కడుతున్నారా అన్నది కట్టే ముందే మెయిల్ పెట్టి అడగండి, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చేస్తుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. దీని గురించి ఎవరూ సరిగ్గా రాయరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన విండోస్ కంప్యూటర్లో నిర్మలా యూఐ ఫాంట్ ముందే ఉంటుంది, ఫోన్లో నోటో ఉంటుంది, అందుకే ఏ తెలుగు పేజీ అయినా చక్కగా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసే సర్వర్ లినక్స్ మీద నడుస్తుంది, అక్కడ తెలుగు ఫాంట్ ఎవరైనా ఎక్కిస్తేనే ఉంటుంది. లేకపోతే పేజీ అంతా ఖాళీ డబ్బాలే. డబ్బు ఎంత కట్టినా ఆ డబ్బాలు అలాగే వస్తాయి, ప్రీమియం ప్లాన్‌కీ ఫాంట్‌కీ సంబంధం లేదు. అందుకే ఫ్రీగా ఉన్నప్పుడే ఒక చిన్న టెస్ట్ పేజీ పెట్టి చూసుకోండి. మేం పెట్టింది మన ఊళ్ల పేర్లే: ద్రాక్షారామం, ఆత్రేయపురం, ఉండ్రాజవరం, కపిలేశ్వరపురం. ఒత్తులు, క్షకారం, కింద రావత్తు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. బొమ్మని పెద్దది చేసి "ద్రా" కింద రావత్తు దాని చోట దానికి ఉందా, పక్కకి జరిగి విడిగా పడిందా అని చూడండి. మేం వాడిన సర్వీసులో మామూలు అక్షరాలు బాగానే వచ్చాయి, బోల్డ్‌లో మాత్రం అలుక్కుపోయినట్టు వచ్చాయి, ఎందుకంటే వాళ్ల దగ్గర బోల్డ్ ఫాంట్ లేదు, మామూలుదాన్నే బలవంతంగా లావు చేస్తున్నారు. సపోర్ట్‌కి రాస్తే నోటో సాన్స్ తెలుగు పూర్తి సెట్ ఎక్కించారు. అది మెచ్చుకోవాల్సిన విషయం. మీరు చేసే సైట్లలోనైనా ఫాంట్‌ని సిస్టమ్‌కి వదిలేయకుండా వెబ్ ఫాంట్‌గా (పేజీతో పాటే డౌన్‌లోడ్ అయ్యే ఫాంట్) పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, మల్లన్న లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి.

వెబ్ ఫాంట్ పెట్టినా ఇంకో చిక్కు ఉంది. ఫాంట్ డౌన్‌లోడ్ అయ్యేలోపే ఫోటో తీసేస్తే మళ్లీ డబ్బాలే. ఇక్కడే వెయిటింగ్ ఆప్షన్ అవసరం పడుతుంది, ఇది చాలాచోట్ల పెయిడ్‌లోనే ఇస్తారు. రకాలు మూడు. ఇన్ని సెకన్లు ఆగు అని చెప్పొచ్చు. నెట్‌వర్క్ సద్దుమణిగే వరకు ఆగు అని చెప్పొచ్చు, అంటే అర సెకను పాటు ఏ డౌన్‌లోడూ జరగకపోతే పేజీ పూర్తయిందని లెక్క. లేదా ఫలానా భాగం తెర మీదికి వచ్చాకే తీయి అని చెప్పొచ్చు. రెండోది వినడానికి బాగుంటుంది గానీ, సైట్లో చాట్ బాక్స్ ఉంటే అది సర్వర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ ఎప్పటికీ సద్దుమణగదు, చివరికి టైమౌట్. మూడోదే మాకు నమ్మకంగా పని చేసింది. నర్సరీ సైట్లకి మొదటి మొక్క ఫోటో వచ్చాక తీయమని పెట్టాం, అప్పట్నుంచి ఖాళీ బొమ్మలు రావడం ఆగిపోయింది.

ఫుల్ పేజీ ఆప్షన్‌ని వాళ్లు గొప్పగా చూపిస్తారు. థంబ్‌నెయిల్‌కి దాంతో పనే లేదు, పేజీ పై భాగం చాలు. క్లయింట్‌కి డిజైన్ చూపించడానికి వాడాం, కడియం నుంచి ఒకాయన "ఏవండీ, పైన నాలుగు మొక్కలే ఉన్నాయి, కింద అంతా తెల్లగా ఉందేంటండీ" అని అడిగారు. కిందికి జరిపితేనే ఫోటోలు లోడయ్యే సైట్లలో అంతే, బ్రౌజర్ కిందికి వెళ్లలేదు కాబట్టి ఫోటోలు రాలేదు. ముందు కింది దాకా స్క్రోల్ చేసి ఆ తర్వాత తీయమనే ఆప్షన్ విడిగా ఉంటుంది, అది లేని ఫుల్ పేజీ దండగ. పేజీ పొడవు 16384 పిక్సెళ్లు దాటితే క్రోమ్‌లో ఇంకో ఇబ్బంది, కింది భాగంలో మళ్లీ పై భాగమే వచ్చి పడుతుంది. వందల మొక్కలున్న కేటలాగ్‌కి ఆ పొడవు సులువుగా దాటుతుంది, పేజీలుగా విడగొట్టి తీసుకోవాల్సిందే. రెటీనా గురించి ఒక్క మాట, బొమ్మలో పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, ఫైలు బరువెక్కుతుంది, వాట్సాప్‌లో పంపే లింకు ప్రివ్యూకి 1200 ఇంటూ 630 మామూలు బొమ్మ సరిపోతుంది.

పెద్ద ప్లాన్‌కి మేం వెళ్లింది వరద కోసం. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, లంకల్లో ఇళ్లున్నవాళ్లు ఆ రోజులు మర్చిపోరు. వరద అనగానే అందరూ నీటిమట్టం పేజీ తెరిచి చూస్తారు, కానీ మేం చూసే పేజీలో అప్పటి అంకె ఒక్కటే ఉంటుంది, పొద్దున ఎంత ఉందో రాత్రికి కనపడదు. పశువుల్ని గట్టు మీదికి తోలాలా, ఇంకో పూట ఆగొచ్చా అన్నది పెరుగుతోందా తగ్గుతోందా అన్న దాని మీదే ఉంటుంది. అందుకని ఆ పేజీని గంటకోసారి దానంతట అదే తీసి దాచేలా షెడ్యూల్ పెట్టాం, వరసగా నాలుగు బొమ్మలు మన ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరికీ వివరించాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు కూడా అవి చూసే ఇంటికి ఫోన్ చేసేవారు.

ఇందులో దేశం ఆప్షన్ తప్పనిసరి అయింది. మన ప్రభుత్వ సైట్లలో చాలావాటికి విదేశీ సర్వర్ల నుంచి వస్తే అనుమతి ఉండదు. మన ఫోన్లో నిక్షేపంగా తెరుచుకునే పేజీ, సర్వీసు విదేశీ సర్వర్ నుంచి తీస్తే "యాక్సెస్ లేదు" అన్న బొమ్మగా వస్తుంది. ఇండియా నుంచి తీయించే సౌకర్యం పై ప్లాన్‌లోనే ఇచ్చారు, ధర ఎక్కువే, కానీ అది లేకుండా ఈ పని జరగదు. ఇంకోటి, టైమ్. ఫైలు పేర్లలో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పడుతుంది, మన టైమ్‌కి అయిదున్నర గంటలు వెనక. పొద్దున ఆరింటి బొమ్మ మీద 0030 అని ఉంటుంది, అర్ధరాత్రి అంకె అనుకుని చూస్తే కంగారు పడతారు. సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతాకి మార్చండి, ఆ పని వరద రాకముందే చేయండి.

మీ ఏపీఐ కీని (సర్వీసు మీ ఖాతాని గుర్తుపట్టే రహస్య కోడ్) ఇమేజ్ లింకులో అలాగే పెట్టేస్తే పేజీ సోర్స్ చూసిన ఎవరైనా మీ క్రెడిట్లు వాడేయొచ్చు. సంతకం చేసిన లింకులు (వేరేవాళ్లు మార్చి వాడుకోలేని కోడ్ ఉన్నవి), లేదా మీ డొమైన్ నుంచి అడిగితేనే పని చేసే తాళం, రెండిట్లో ఒకటి ఆన్ చేయండి. మాకు ఇవి చిన్న ప్లాన్‌లోనే ఇచ్చారు, అది బాగుంది.

డబ్బు కట్టడం దగ్గర టెన్షన్ ఉంది. డాలర్లలోనే తీసుకుంటారు, యూపీఐ లేదు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, బ్యాంకు మార్పిడి ఛార్జీ అదనం. 2021 అక్టోబర్ నుంచి ఆటో డెబిట్‌కి రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి, విదేశీ కంపెనీ వాటికి తగ్గట్టు ఏర్పాటు చేసుకోకపోతే నెల తిరిగేసరికి చెల్లింపు ఆగిపోతుంది, దాంతో షాట్లు కూడా ఆగిపోతాయి. వరద నెలల్లో అలా ఆగితే కష్టం కాబట్టి ముందే క్రెడిట్లు కొని పెట్టుకునే పద్ధతి ఉంటే అదే తీసుకోండి. నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) తెలిసిన కుర్రాడు ఆఫీసులో ఉంటే, క్రోమ్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే పప్పెటీర్ ఉచితం, చిన్న సర్వర్ మీద తెలుగు ఫాంట్లు ఎక్కించి మీరే నడుపుకోవచ్చు, కాకపోతే క్రోమ్ మెమరీ బాగా తింటుంది, ఎవరో ఒకరు రోజూ చూసుకోవాలి.

ఇప్పుడు మేం జూన్ నుంచి అక్టోబర్ దాకా పెద్ద ప్లాన్, మిగతా నెలలు చిన్న ప్లాన్‌లో ఉంటున్నాం. మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, సెట్టింగ్స్‌లోనే అయిపోతుంది. కానీ చిన్న ప్లాన్‌కి దిగగానే పాత షాట్ల హిస్టరీ కత్తిరించేస్తారు, కాబట్టి ఆ సీజన్ బొమ్మలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి మీ డ్రైవ్‌లో పెట్టుకున్నాకే ప్లాన్ మార్చండి.