ఆరంగుళాల ఇ-రీడర్‌లో తెలుగు: ఇన్నేళ్ళు వాడాక

కరోనాకు ముందు కొన్న ఇ-రీడర్ ఇది, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పరికరం. ఆరంగుళాల తెర, 300 పీపీఐ (అంగుళానికి మూడొందల చుక్కలు), లోపల లైటు, 8 జీబీ స్టోరేజీ. కంపెనీ పేరు చెప్పను, ఈ సైజులో ఆ తరం రీడర్లన్నీ ఇంచుమించు ఒకటే. కొన్న వారానికే రాసిన రివ్యూలు నెట్‌లో బోలెడున్నాయి. ఇంగ్లీషు నవల ఒకటి చదివేసి ‘సూపర్’ అంటారు. నా చదువులో ముప్పాతిక వంతు తెలుగే కాబట్టి నా లెక్కలు వేరు.

ముందు మంచి మాటలు. కళ్ళకు హాయిగా ఉంటుందన్నది నిజమే. తెర లోపల సన్నటి గుళికల్లో నల్లటి, తెల్లటి రేణువులు ఉంటాయి. కరెంటు తగలగానే అవి పైకీ కిందికీ కదిలి అక్షరాలుగా నిలబడతాయి. పేజీ తిప్పినప్పుడే కరెంటు ఖర్చు, లైటుకయ్యేది వేరే. ఇన్నేళ్ళయినా ఒకసారి ఛార్జ్ చేస్తే వారం పైనే వస్తోంది. మిట్టమధ్యాహ్నం బస్టాపులో ఎండ నేరుగా తెర మీద పడుతున్నా అక్షరం తేటగా కనిపిస్తుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు బాగా తగ్గించుకుని చదివితే ఎవరూ విసుక్కోరు. బరువు పావుకిలో కూడా లేదు. వెల్లకిలా పడుకుని లావుపాటి సంపుటం చదువుతూ ముక్కు మీద పడేసుకున్నవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక తెలుగు సంగతి. కొన్నప్పుడు ఇందులో ఒత్తులన్నీ విడిపోయి కనిపించేవి. ‘శాస్త్రి’ కాస్తా ‘శాస్‌త్‌రి’ అయి కూర్చునేది. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఆ బాధ వదిలింది. మనకు నచ్చిన ఫాంటు కాపీ చేసుకునే వీలూ దొరికింది. రామభద్ర అనే ఫాంటు శీర్షికలకు అందంగా ఉంటుంది గానీ నాలుగు పేజీలు చదివేసరికి మరీ బరువనిపిస్తుంది. చాలా వేసి చూసి చివరికి మండలి అనే ఫాంటు దగ్గర ఆగాను. అక్షరం గుండ్రంగా, కాస్త పుష్టిగా ఉంటుంది. ఈ తెర మీద మరీ సన్నటి గీతలున్న ఫాంటు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

రెండు సెట్టింగులు తప్పకుండా మార్చుకోవాలి. ఒకటి, వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు, పై వరసలోని ఒత్తు వచ్చి కింది వరసలోని గుడిని తగులుతుంది. రెండోది, పేరాను రెండు వైపులా సమంగా సర్దడం. అది తీసేయండి. మన మాటలు పొడుగు. ‘వెళ్ళిపోవలసివచ్చినప్పటికీ’ లాంటిది ఒక్కటి తగిలితే సగం వరస అదే ఆక్రమిస్తుంది. సమంగా సర్దాలని పోతే మిగతా రెండు మాటల మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ మిగులుతుంది. మా అమ్మ కోసం అక్షరం పెద్దది చేసినప్పుడు ఈ తమాషా మరీ ఎక్కువ. ఎడమ వైపు మాత్రమే సర్ది ఇచ్చాక ఆవిడ హాయిగా చదువుకుంది, పేజీకి పది వరసలే వచ్చినా సరే.

మాట మీద వేలు పెడితే అర్థం చెప్పే సౌకర్యం తెలుగుకు దాదాపు దండగ. ‘ఇంటికి’ అని నొక్కితే దానికి ‘ఇల్లు’ తట్టదు. నేను పక్కన ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి పెట్టుకుంటాను. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం లాంటి నిఘంటువులన్నీ ఒకేచోట వెతికిపెడుతుంది.

ఇందులో పెట్టుకోవడానికి తెలుగు ఎక్కడ దొరుకుతుంది? తెలుగు వికీసోర్స్‌లో దొరుకుతుంది. ఓపికున్నవాళ్ళు టైపు చేసి, దిద్ది పెట్టిన పాత పుస్తకాలు ఈపబ్‌గా, అంటే అక్షరం సైజు మార్చుకోగల ఇ-పుస్తకం ఫైలుగా, దించుకోవచ్చు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి అరవయ్యేళ్ళు కాపీరైటు నడుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, ఆయన కథలకు 2022 జనవరితో ఆ అడ్డు తొలగింది. 1979లో పోయిన చలం కోసం 2039 చివరిదాకా ఆగాలి. అంటే ఉచితంగా, నిక్షేపంగా చదవగలిగేది పాత తరమే.

టైపు చేసినవి గుప్పెడు, స్కాన్లు కొండంత. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి వెతకడమే ఒక విద్య: దీర్ఘానికి రెండు ‘ఎ’లు పెట్టి ఒకసారి, ఒకటి తీసేసి ఒకసారి, చివర ‘ము’ చేర్చి ఇంకోసారి. అచ్చులో ఎప్పుడో మాయమైన యాత్రా చరిత్రో, ఆత్మకథో అలా చేతికి తగిలిన రాత్రి ఇక నిద్ర పట్టదు నాకు.

కానీ ఆ పీడీఎఫ్‌ను ఈ ఆరంగుళాల తెర మీద తెరవండి. డెమ్మీ సైజు పుస్తకం పేజీ ఎనిమిదిన్నర అంగుళాల పొడుగు, ఆరంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత కాబట్టి ఈ తెర పొడుగు ఐదు అంగుళాలు కూడా లేదు. అచ్చు సగానికి కుదించుకుపోతుంది. పాత అచ్చులో అరసున్న ఏదో, కాగితం మీది మరక ఏదో పోల్చుకోలేం. ‘ఖ’ అనుకుని చదివింది ‘భ’ అని రెండు వరసల తర్వాత అర్థమవుతుంది. దీనికి నేను చేసేదేమిటంటే, కంప్యూటర్లో కేటూపీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో అంచుల్లోని నల్ల పట్టీలూ ఖాళీలూ కత్తిరిస్తాను. తర్వాత రీడర్‌ను అడ్డంగా తిప్పి, ఒక్కో పేజీని మూడు ముక్కలుగా చదువుతాను. కాంట్రాస్టు కాస్త పెంచితే వెలిసిన సిరా కూడా తేలుతుంది. ఆ ప్రోగ్రాంలోనే మాటలను విడగొట్టి తెరకు తగ్గట్టు మళ్ళీ పేర్చే పద్ధతి ఉంది. ఇంగ్లీషుకు అద్భుతం, మనకొద్దు. ఒత్తులు తెగి కింది వరసలో పడతాయి. పద్యాలైతే మరీ ఘోరం, నాలుగు పాదాలూ కలగాపులగం.

ఒక పుస్తకాన్ని ఇలా సిద్ధం చేయడానికి సాయంత్రం ఖర్చవుతుంది. నాకు సరదాగానే ఉంటుంది, మా ఇంట్లోవాళ్ళు మాత్రం చదవడం మానేసి ఈ గొడవేమిటంటారు. పెద్ద ఫైలైతే పేజీ తిరగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, అప్పుడప్పుడూ వెనకటి పేజీ నీడ మిగిలిపోతుంది. వీటికి అలవాటు పడ్డాను.

దీనివల్ల కాగితం పుస్తకాలు కొనడం తగ్గిందా అని అడుగుతుంటారు. తగ్గలేదు. నాకు కావలసిన కొత్త తెలుగు పుస్తకాలు చాలామటుకు అచ్చులోనే వస్తున్నాయి. తగ్గిందల్లా పాత పుస్తకాల దుమ్ముకు తుమ్మడం, అలమారలో కలరా ఉండలు మార్చడం. స్కాన్లో రెండు అధ్యాయాలు చదివి, నచ్చితే దాని కొత్త ముద్రణ కోసం హైదరాబాద్ కోఠీలోని పుస్తకాల షాపుల్లో ఆరా తీయడం నాకిప్పుడు మామూలైంది.

ఇంగ్లీషు ఎక్కువగా చదువుతూ మధ్యమధ్య టైపు చేసిన తెలుగు చదివేవాళ్ళు కళ్ళు మూసుకుని ఆరంగుళాలది కొనుక్కోవచ్చు. కొనేముందు మీ దగ్గరున్న తెలుగు ఈపబ్ ఒకటి అందులో తెరిచి ఒత్తులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడండి. చదివేదంతా పాత స్కాన్లే అయితే మాత్రం 10.3 అంగుళాలది తప్ప ఏదీ వద్దు. ఒక స్నేహితుడి దగ్గర తీసుకుని కొన్నాళ్ళు వాడాను. డెమ్మీ పేజీ ఇంచుమించు అసలు సైజులో వస్తుంది, అరసున్న అరసున్నలాగే ఉంటుంది. నేనింకా కొనలేదు. దాని ధరకు డిసెంబరు బుక్ ఫెయిర్‌లో రెండేళ్ళకు సరిపడా పుస్తకాలొస్తాయి, ఇంట్లో ఆ బేరం ఇంకా తెగలేదు.