నల్గొండలో కొన్న చట్టాల పుస్తకం: ఎఫ్ఐఆర్ భాగం కోసం తీసుకోవచ్చు, సొసైటీ, పోలీసు చట్టం భాగాలు మాత్రం నమ్మకండి

గడియారం సెంటర్‌లో పనుండి వెళ్ళినప్పుడు కోర్టు దగ్గరి షాపులో 450 రూపాయలు పెట్టి ఈ పుస్తకం తీసుకున్నాను. పోలీసు చట్టాలు, ధర్మ సంస్థల చట్టాలు అన్నీ ఒకే చోట తెలుగులో అని అట్ట మీద ఉంది. మా ఊరి గ్రంథాలయ సొసైటీకి నేనే కార్యదర్శిని, పైగా అప్పటికి పది రోజుల కిందటే గ్రంథాలయం తాళం పగలగొట్టి కంప్యూటర్, విరాళాల డబ్బా ఎత్తుకెళ్ళారు, అందుకే రెండో ఆలోచన లేకుండా కొన్నాను.

ముందు మంచి చెప్తాను. కేసు నమోదు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొత్తం ఇందులో ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకున్నారు గానీ ఎఫ్ఐఆర్ కాపీ అడిగితే రేపు రండి, ఎల్లుండి రండి అంటూ మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి ఈ పుస్తకం పట్టుకెళ్ళి, సెక్షన్ 173లో కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలని ఉన్న లైను కింద పెన్సిల్‌తో గీత గీసి, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ గారి ముందు పెట్టాను. ఆయన చదివి, ఏమీ అనకుండా ప్రింట్ తీసి ఇచ్చారు. నిజానికి ఈ హక్కు పాత సీఆర్‌పీసీలోనూ ఉంది, మనకు తెలియక అడగలేదు అంతే. కొత్తగా వచ్చింది సెక్షన్ 193లో ఉంది: దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్ళకు పోలీసులే చెప్పాలి, ఫోన్‌లో మెసేజ్ పెట్టినా చాలు. నా లెక్కన ఈ ఒక్క పేజీకే 450 ఇవ్వొచ్చు.

ఇక లోపాలు. సొసైటీల భాగంలో 1860 నాటి కేంద్ర చట్టం వేసి వదిలేశారు, తెలంగాణలో అది నడవదనే ముక్క ఎక్కడా లేదు. మన వైపు నిజాం కాలంలో 1350 ఫస్లీ (ఫస్లీ అంటే అప్పట్లో సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) చట్టం ఉండేది, ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 2001 చట్టం వచ్చింది, ఇప్పుడు నడిచేది అదే. మాకు ఇదేమీ తెలియక, మా సొసైటీ ఆశయాల్లో మార్పు కోసం 1860 చట్టం సెక్షన్ 12 ప్రకారం నెల గ్యాప్‌తో రెండు మీటింగులు పెట్టి, ముసలివాళ్ళను కూడా ఆటోల్లో పిలిపించి ఐదింట మూడొంతుల ఓట్లు లెక్కపెట్టుకుని, ఆ సెక్షనే రాసి దరఖాస్తు ఇచ్చాం. రిజిస్ట్రార్ ఆఫీసులో చూసి, ఇది మనకు వర్తించదండీ, 2001 చట్టం కింద రాసుకుని రండి అని వెనక్కి ఇచ్చేశారు. రెండు నెలలు పోయాయి, చాలా బాధేసింది.

పోలీసు చట్టం దగ్గరా ఇదే తప్పు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు 1861లో చేసిన చట్టం, అందులో పోలీసు విధులు చెప్పే సెక్షన్ 23 వేశారు. మన జిల్లాలకు మాత్రం నిజాం సర్కారు విడిగా చేసిన జిల్లా పోలీసు చట్టం, 1329 ఫస్లీది ఉంది. పాత చట్టాలు మార్చాలని అందరం అంటాం, నేనూ గట్టిగా అంటాను, పోలీసు సంస్కరణల కోసం మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా కొత్త పోలీసు చట్టాలు వచ్చేదాకా పాటించమని ఆదేశాలిచ్చింది. కానీ ఏ చట్టం మార్చమని అడగాలో కూడా తెలియకుండా మన ఎమ్మెల్యేకు వినతిపత్రం ఎలా రాస్తాం?

దేవాదాయ చట్టం, అదే 1987ది, వంశపారంపర్య ధర్మకర్తలను తీసేసింది, అది మాత్రం సరిగ్గానే వేశారు. అక్షరాలు చిన్నవి, విషయ సూచిక లేదు, తెలుగు కూడా బరువే: స్టేషన్‌లో అందరూ కాగ్నిజబుల్ అనేదాన్ని, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరాన్ని, సంజ్ఞేయ అపరాధం అని రాశారు.

5కి 3 ఇస్తున్నాను. సొసైటీ నడిపేవాళ్ళు మాత్రం 2001 చట్టం విడిగా కొనుక్కోండి. కంప్యూటర్ ఇంకా దొరకలేదు, 90 రోజులకు ఇంకా 22 రోజులుంది.