పీబీఎస్ అనుమతి: 30 మీటర్ల ఏ-డబుల్ కొనేముందు

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, మెల్‌బోర్న్ పోర్టులకు కంటైనర్లు తోలేవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. 26 మీటర్ల బీ-డబుల్ (రెండో ట్రైలర్ మొదటిదాని వెనక భాగం మీదే కూర్చునే జోడీ) మీద ఒక 40 అడుగుల కంటైనరు, ఒక 20 అడుగులది పడతాయి. ఒకే ప్రైమ్ మూవర్‌తో, అంటే ముందుండి లాగే ట్రక్కుతో, రెండు 40లు లాగాలంటే 30 మీటర్ల ఏ-డబుల్ కట్టించుకోవాలి. ఇందులో వెనక ట్రైలర్ డాలీ అనే చిన్న ఇరుసుల బండి మీద కూర్చుంటుంది, డాలీని డ్రాబార్ అనే కడ్డీతో ముందు ట్రైలర్‌కి తగిలిస్తారు. ఊళ్లలోని రోడ్ల మీద అంత పొడవుకి మామూలు కొలతల రూల్స్ ఒప్పుకోవు. అక్కడ పనికొచ్చేది బండి నడిచే తీరుని బట్టి అనుమతిచ్చే పర్ఫార్మెన్స్ బేస్డ్ స్టాండర్డ్స్, అంటే పీబీఎస్. 2007 నుంచి ఉన్న ఈ పద్ధతిని ఇప్పుడు నేషనల్ హెవీ వెహికల్ రెగ్యులేటర్ నడుపుతోంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ ఆ సంస్థ నడిపే జాతీయ చట్టంలో లేవు, అక్కడి దారి వేరు.

ముందు బరువు సంగతి. జనరల్ మాస్ (మామూలు బరువు) పరిమితుల్లో 9 ఇరుసుల బీ-డబుల్‌కి 62.5 టన్నులు, 11 ఇరుసుల ఏ-డబుల్‌కి 79 టన్నులు. హయ్యర్ మాస్ (ఎక్కువ బరువు) అనుమతి దొరికితే ఇవే 68, 85 అవుతాయి. దానికి రోడ్-ఫ్రెండ్లీ సస్పెన్షన్, మాస్ మేనేజ్‌మెంట్ అక్రెడిటేషన్ (బరువుని అదుపులో ఉంచుతారన్న గుర్తింపు) కావాలి, రోడ్డు కూడా ఆ బరువుకి ఒప్పుకున్నదై ఉండాలి. మన దగ్గర, ఇండియాలో, 2018లో ఇరుసు బరువులు పెంచాక కూడా గరిష్ఠం 55 టన్నులే. ఏ-డబుల్ లెక్కలో చాలామంది ఒక తప్పు చేస్తారు. 62.5కీ 79కీ మధ్య ఉన్న 16.5 టన్నులూ సరుకే అనుకుంటారు. డాలీ, పొడుగు ట్రైలర్ల ఇనుము అందులోంచే పోతుంది. ఖాళీ బండిని కాటా వేయించకుండా కిరాయి ఒప్పుకోవద్దు.

ఈ పద్ధతిలో మెచ్చుకోవాల్సింది ఇంజనీరింగ్ అసెస్‌మెంటు. బండి ఎంత పొడవుంది అనేదాంతో ఆగదు, రోడ్డు మీద ఎలా నడుస్తుంది అని చూస్తుంది. 12.5 మీటర్ల వ్యాసార్థంతో 90 డిగ్రీల మలుపు తిరిగేటప్పుడు బండి మొత్తం ఎంత వెడల్పు రోడ్డు తింటుందో కొలుస్తారు. లెవెల్ 2లో (వెళ్లే రోడ్లని బట్టి పెట్టిన తరగతుల్లో రెండోదానిలో) అది 8.7 మీటర్లు దాటకూడదు. పక్కకి ఒరిగే హద్దు కనీసం 0.35 జీ (జీ అంటే గురుత్వ త్వరణం) ఉండాలి, ప్రమాదకర సరుకుల ట్యాంకర్‌కైతే 0.40. గంటకి 88 కిలోమీటర్ల వేగంలో లేన్ మారినప్పుడు ప్రైమ్ మూవర్ ఊపు వెనక ట్రైలర్‌కి చేరేసరికి ఎన్ని రెట్లవుతుందో చూస్తారు. చర్నాకోల పిడి కొంచెం కదిపితే కొస ఎంత విసురుగా పోతుందో, ఇదీ అంతే. ఆ పెరుగుదల, వెనక యూనిట్ ఒరిగే హద్దుకి 5.7 రెట్లు మించకూడదు. హద్దు 0.35 అయితే దాదాపు 2 అన్నమాట.

చిక్కు ఏమిటంటే ఈ పరీక్షలు ఒకదానికొకటి అడ్డం తగులుతాయి. డ్రాబార్ పొడుగు చేస్తే వెనక ట్రైలర్ ఊపు తగ్గుతుంది, కానీ మలుపులో ఎక్కువ రోడ్డు తింటుంది, మొత్తం పొడవూ పెరుగుతుంది. ముందు ట్రైలర్ మీది కప్లింగ్ (డ్రాబార్ తగిలించే చోటు) ఇరుసుల నుంచి వెనక్కి జరిగేకొద్దీ ఊపు మళ్లీ పెరుగుతుంది. మలుపు కోసం వెనక ఇరుసుని స్టీరింగ్ ఇరుసు చేస్తే తోక బయటికి విసురుతుంది. దానికీ లెవెల్ 2లో 0.35 మీటర్ల హద్దుంది. మంచి అసెసర్ (ఈ లెక్కలు కట్టే ఇంజనీరు) ఎవరంటే పాస్, ఫెయిల్ కాగితం ఇచ్చేవాడు కాదు. "కప్లింగ్ 150 మిల్లీమీటర్లు ముందుకి జరిపితే ఇది నిలుస్తుంది" అని బాడీ బిల్డర్ ఉక్కు కోయకముందే చెప్పేవాడు. ఫీజు బేరమాడే ముందు, ఎన్ని డిజైన్ మార్పులు ఆ ఫీజులోనే చేసిపెడతారో రాయించుకోండి.

ఇంజన్ వైపు జాగ్రత్త ఇంకొకటి. డీజిల్ ఆదా కోసం వేగం వైపు మొగ్గిన డిఫరెన్షియల్ రేషియో (వెనక ఇరుసులోని గేరు నిష్పత్తి) పెట్టించుకుంటే 12 శాతం ఎత్తు మీద నిలిచిన బండిని కదిలించే పరీక్షలో ఫెయిల్ కావచ్చు. ట్రక్కు ఆర్డర్ పెట్టకముందే రేషియో అసెసర్‌కి చూపించాలి.

డిజైన్ ఆమోదం వచ్చాక బండి కడతారు, ఆపైన సర్టిఫైయర్ వస్తారు. ఈ దశని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. టేపు పట్టుకుని కింగ్‌పిన్ (ట్రైలర్ ముందు కింద ఉండే, ట్రక్కుకి తగిలించే పిన్ను) నుంచి ఇరుసుల గుంపు మధ్య వరకు, డ్రాబార్ కన్ను నుంచి డాలీ ఇరుసుల మధ్య వరకు, టర్న్‌టేబుల్ (ఆ పిన్ను కూర్చునే పళ్లెం) ఎత్తు, సస్పెన్షన్ మోడల్, అన్నీ ఆమోదించిన డ్రాయింగుతో సరిచూస్తారు. బిల్డర్ తన దగ్గర స్టాకు లేదని వేరే సస్పెన్షన్ బిగించినా, ఆ మోడల్ కాగితంలో లేకపోతే బండి అక్కడే ఆగుతుంది. ఆమోదం ఆ ప్రైమ్ మూవర్‌కి, ఆ ట్రైలర్లకి, ఆ డాలీకి కలిపి ఇచ్చింది. యార్డులో పక్కనున్న ట్రైలర్ చూడ్డానికి ఒకేలా ఉంది కదా అని తగిలిస్తే అది పీబీఎస్ బండి కాదు. డాలీ రిపేర్‌కి వెళ్లిన రోజు ఏం చేస్తారో ముందే ఆలోచించి, స్పేర్ డాలీని కూడా మొదటి దరఖాస్తులోనే పెట్టించండి. తర్వాత చేర్చాలంటే మళ్లీ ఒక చుట్టు.

ఇక రోడ్డు అనుమతి. ఈ పద్ధతి మొత్తంలో బలహీనమైన చోటు ఇదే. లెవెల్ 2బీ (30 మీటర్ల వరకు ఉన్న బండ్ల) నెట్‌వర్కు పెద్ద రోడ్ల వరకు బాగానే ఉంటుంది. టూవూంబా నుంచి బ్రిస్బేన్ పోర్టుకి ఏ-డబుళ్లు నడుస్తున్నాయంటే ఆ కారిడార్ తెరుచుకున్నందుకే. గోడౌన్ గేటు ముందున్న చివరి కిలోమీటరు కౌన్సిల్‌ది, అంటే స్థానిక పాలక సంస్థది. రోడ్ మేనేజర్‌గా (ఆ రోడ్డు చూసుకునే సంస్థగా) అది ఒప్పుకోవాలి. చట్టంలో మామూలు గడువు 28 రోజులు, వంతెన లెక్క కట్టాలంటే ఇంకా పొడిగించవచ్చు. పాత కల్వర్టు ఒక్కటి దారిలో ఉన్నా 85 టన్నుల మాట పోయి తక్కువ బరువుకే సరిపెట్టుకోవాల్సి రావచ్చు. రౌండబౌట్ ఉంటే మలుపు గీత వేసిన డ్రాయింగ్, కరెక్టు గేటు, వెళ్లే వేళలు జతచేసిన దరఖాస్తుకి జవాబు నయంగా వస్తుంది. ఒట్టి అడ్రసు రాసి పంపితే ప్రశ్నలు తిరిగొస్తాయి, రోజులు పోతాయి.

అందుకే వరస తిరగేయమంటాం. ముందు రూటు, అందులో వంతెనలు, కౌన్సిల్ మాట. తర్వాత అసెసర్. ఆ తర్వాతే బిల్డర్‌కి అడ్వాన్సు. ఏళ్లతరబడి ఒకే పోర్టు, ఒకే గోడౌన్ మధ్య పూర్తి లోడ్లు తోలేవాళ్లకి పీబీఎస్‌కి పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. రోజుకో యార్డు, రోజుకో ట్రైలర్ మార్చే సబ్‌కాంట్రాక్టర్లకి మాత్రం మంచి బీ-డబులే మేలు.