మాంచెస్టర్ నారింజ రంగు బస్సులు: ఎనిమిదేళ్లుగా ఎక్కుతున్నవాడి మాట

ముందే చెబుతున్నాను, మాంచెస్టర్‌లోని ఈ పాత బస్సుల మ్యూజియం అంటే నాకు పక్షపాతం ఉంది. దానికి కారణం ఇంజన్ శబ్దం. లోపల ఎన్ని బస్సులున్నాయి, ఏ రోజుల్లో తెరుస్తారు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

మాంచెస్టర్‌లో క్వీన్స్ రోడ్ ట్రామ్ స్టాప్‌కు దగ్గర్లో, బాయిల్ స్ట్రీట్‌లో ఉన్న పాత బస్సు గ్యారేజీలో 1979 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ రవాణా మ్యూజియం నడుస్తోంది. నడిపేవాళ్లంతా వాలంటీర్లే. బస్సుల్ని తాడు కట్టి దూరం నుంచి చూపించడంతో వీళ్లు సరిపెట్టరు. ప్రత్యేక రోజుల్లో పాత బండ్లను స్టార్ట్ చేసి, మనల్ని ఎక్కించుకుని రోడ్డు మీదికి తీసుకెళ్తారు. చుట్టుపక్కల ఊళ్లలో సొంతంగా ఒకటీ రెండూ బస్సులు కొనుక్కుని కాపాడుతున్నవాళ్లు కూడా ఇలాంటి రోజులకు తమ బండ్లు తెస్తారు.

నేను వెళ్లేది నారింజ, తెలుపు రంగుల డబుల్ డెక్కర్ కోసం. 1969 నవంబరు 1న ఇక్కడి 11 మునిసిపల్ బస్సు సర్వీసుల్ని కలిపి సెల్నెక్ అనే ఒకే సంస్థ చేశారు. ఎవరి రంగు వాళ్లదిగా ఉన్నవన్నీ నారింజలోకి మారాయి. 1974లో అది గ్రేటర్ మాంచెస్టర్ ట్రాన్స్‌పోర్ట్ అయింది. ఆ కాలపు మామూలు బస్సును ఇక్కడివాళ్లు 'స్టాండర్డ్' అంటారు. చాలావాటికి బాడీ కట్టింది విగన్‌లో. వాటిలో ఫ్లీట్‌లైన్ అనే రకానికి వేసిన గార్డనర్ ఇంజన్ ప్యాట్రిక్రాఫ్ట్‌లో తయారైంది. అంటే తిరిగిన ఊళ్ల మధ్యే పుట్టిన బస్సు. ఆ గార్డనర్ ఆగి ఉన్నప్పుడు కూడా నెమ్మదిగా, బరువుగా కొట్టుకుంటుంది. కిటికీ అద్దానికి చెయ్యి ఆనిస్తే మోచేతి దాకా వణుకు తెలుస్తుంది.

1986 అక్టోబరు 26న బస్సుల్ని ప్రైవేటు పోటీకి వదిలేశాక రంగులన్నీ మళ్లీ చెదిరిపోయాయి. నేను 2009లో చదువుకోవడానికి వచ్చేసరికి విల్మ్‌స్లో రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి రకరకాల కంపెనీల బస్సులు. తక్కువ టికెట్ అని మ్యాజిక్ బస్ కోసం చలిలో కాచుకుని నిలబడేవాణ్ని. ఇప్పుడవీ పోయాయి. 2023 సెప్టెంబరు 24న మొదలుపెట్టి 2025 జనవరి 5 నాటికి నగరమంతా బీ నెట్‌వర్క్ అనే ఒకే ప్రభుత్వ వ్యవస్థ కింద పసుపు రంగులోకి వచ్చేసింది. నా చదువుకునే రోజుల బస్సులు కూడా చరిత్రలోకి వెళ్లిపోయాయన్నమాట. నిన్నమొన్నటి బండిని ఎవరు దాస్తారు? వీళ్లు దాస్తున్నారు. నాకు వీళ్ల మీద గౌరవం అందుకే.

రెండేళ్ల కింద కొండల వైపు ఒక ఊళ్లో పాత బస్సుల రోజు జరిగింది. ఒక ప్రైవేటు యజమాని తెచ్చిన ఫ్లీట్‌లైన్ ఎక్కాం, నేనూ మా అమ్మాయీ. సన్నగా వాన. ఎత్తు ఎక్కుతుండగా వెనక నుంచి ఆవిరి లేచింది. డ్రైవరు వెంటనే పక్కకు తీసి ఆపేశాడు. వెనక మూత ఎత్తి చూస్తే రేడియేటర్ గొట్టం క్లిప్పు దగ్గర జానెడు పొడవున చీలింది. వెనక వచ్చిన ఇంకో పాత బస్సులోకి చాలామంది మారిపోయారు. మేం ఉండిపోయాం. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. ఇంజన్ చల్లబడేదాకా ఓపికగా నిలబడి, మెట్ల కింద పెట్టెలోంచి కొత్త గొట్టం తీశాడు. నేను గొడుగు పట్టాను, అమ్మాయి ఫోన్ లైటు పట్టింది. డబ్బాల్లో తెచ్చుకున్న నీళ్లు చాలకపోతే మిగిలినవాళ్ల మంచినీళ్ల సీసాలు కూడా పోశాం.

పని చేస్తూనే మాట్లాడాడాయన. గొట్టాలదేముంది, దొరుకుతాయట. కష్టమంతా కిటికీ రబ్బరుతోనూ, సీటు గుడ్డతోనూ. వాటికోసం బార్న్స్‌లీలో బస్సులు విరగ్గొట్టే యార్డులకు వెళ్లి, కటింగ్ మొదలుకాకముందే ఊడదీసుకుని వస్తాడట. నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ స్టార్ట్ అయినప్పుడు ఆ శబ్దం వింటే నాకు గొంతు పట్టేసింది.

ఎందుకంటే మాది సిద్దిపేట పక్క పల్లె. మన దగ్గర 'ఎర్రబస్సు ఎక్కి వచ్చాడు' అంటే వెటకారం. ఆ ఎర్రబస్సే నన్ను కాలేజీకి మోసింది. 1932లో నిజాం రాష్ట్ర రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సును మన ఆర్టీసీ దాచి ఉంచింది, సంతోషమే. కానీ నేను ఫుట్‌బోర్డు మీద వేలాడిన తొంభైల బండి ఏదీ? హైదరాబాద్ పాత డబుల్ డెక్కర్లు 2000ల మొదట్లోనే రోడ్డు మీంచి పోయాయి. 2023లో వచ్చినవి కరెంటువి, వాటి శబ్దం వేరు. మ్యూజియంలో ఒక బస్సు ముందు 'లేలాండ్' అన్న అక్షరాలు చూసి మా అమ్మాయి "అశోక్ ఏది నాన్నా?" అంది. లేలాండ్ అనేది ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊరనీ, మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో ఆ పేరు కలుపుకుందనీ చెప్పాను.

పైన ఎక్కించుకుని తిప్పుతారని అన్నాను కదా, అన్ని బస్సులూ కాదు. రిపేరుకు ఏళ్ల తరబడి వరసలో ఉన్నవి ఉంటాయి. మీరు చూడాలనుకున్నది ఆ రోజు కదలకపోవచ్చు. మా ఆవిడైతే గంటలో "ఏమండీ, ఇక వెళ్దామా" అంటుంది, ఆమె తప్పు లేదు. నాకు ఇల్లు ట్రామ్‌లో పావుగంట దూరం, పైగా చిన్నప్పటి పిచ్చి. లండన్ నుంచి దీనికోసమే రమ్మని ఎవరికీ చెప్పలేను. వచ్చేట్టయితే మాత్రం బస్సులు తిప్పే రోజు చూసుకుని రండి. అందరూ పైడెక్కు ముందు సీటుకు పరిగెడతారు. మీరు కింద, అన్నిటికంటే వెనక సీట్లో కూర్చోండి. ఇంజన్ మీ వీపు వెనకే ఉంటుంది.